క్యూ కొనాలా? ముందు షాఫ్ట్ సంగతి తేల్చుకోండి

పూల్ ఆడే కర్ర, అంటే క్యూలో కంటికి ఆనేది బట్, చేత్తో పట్టుకునే వెనక భాగం. పొదుగుడు పని, తోలు చుట్టు, నిగనిగలాడే పాలిష్ అన్నీ అక్కడే. ధరలో పెద్ద వాటా కూడా చాలాసార్లు అక్కడికే పోతుంది. తెల్లబంతికి మాత్రం ఆ సోకులతో పని లేదు. క్యూ కొసన ఉండే తోలు టిప్ దాన్ని తాకి ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు సేపు. ఆ కాస్త వ్యవధిలో బంతి ఎటు పోవాలో తేల్చేది టిప్, దాని కింద ఉండే చిన్న తొడుగు ఫెర్రూల్, క్యూ ముందు సగమైన సన్నటి షాఫ్ట్ కొసన ఉన్న జానెడు ముక్క. మిగతాదంతా పట్టుకోవడానికి, బరువుకి, తూకానికి. కాబట్టి చేతిలో ఉన్న డబ్బులో ముందు షాఫ్ట్‌కి తీసి పక్కన పెట్టి, మిగిలినదాంట్లో బట్ చూసుకోవడమే తెలివైన పని. సాదా బట్‌కి మంచి షాఫ్ట్ బిగిస్తే ఆట నడుస్తుంది. అందమైన బట్‌కి నాసిరకం షాఫ్ట్ తగిలిస్తే గోడకి ఆనించి చూసుకోవడానికి బాగుంటుంది.

షాఫ్ట్‌ల మధ్య అసలు తేడా డిఫ్లెక్షన్. సైడ్ స్పిన్ కోసం తెల్లబంతిని నడిమధ్యన కాకుండా కుడివైపు కొట్టారనుకోండి. బంతి క్యూ చూపిన గీత మీద పోదు, ఆ గీతకి కాస్త ఎడమగా బయల్దేరుతుంది. డిఫ్లెక్షన్ అంటే ఇదే. బంతి తిరగడం మొదలవుతూనే టిప్‌ని పక్కకి తోస్తుంది. టిప్ వైపు బరువు ఎక్కువుంటే షాఫ్ట్ అంత సులువుగా పక్కకి జరగదు, ఆ మొండితనం బంతి మీదకి తిరుగుతుంది. కొస తేలికైతే షాఫ్టే తప్పుకుంటుంది, బంతి దాదాపు గీత మీదే పోతుంది. షాఫ్ట్ మెత్తగా వంగడం వల్లే ఇది తగ్గుతుందని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువ పని చేసేది కొస బరువే. లో డిఫ్లెక్షన్ షాఫ్ట్‌ల కొసలో బోలు చెయ్యడం, ఫెర్రూల్‌ని పొట్టిగా తేలిగ్గా చెయ్యడం, షాఫ్ట్‌ని సన్నం చెయ్యడం అందుకే.

అమ్మేవాళ్లు చెప్పే ఒక మాటని మాత్రం అక్కడే వదిలేసి రండి: ‘ఈ షాఫ్ట్‌తో స్పిన్ ఎక్కువ వస్తుంది’. రాదు. బంతి వేగానికి తగ్గట్టు స్పిన్ ఎంత పడుతుందో తేల్చేది మధ్య నుంచి ఎంత దూరంలో కొట్టారన్నదే. పూల్ బంతి వ్యాసం 57.15 మి.మీ. మధ్య నుంచి సుమారు 14 మి.మీ. దాటి, అంటే వ్యాసార్థంలో సగం దాటి కొడితే ఏ టిప్ అయినా జారిపోతుంది. లో డిఫ్లెక్షన్ షాఫ్ట్ ఆ హద్దుని పెంచలేదు. అది చేసేదల్లా, సైడ్ పెట్టినప్పుడు గురిని సర్దుకోవాల్సిన మోతాదు తగ్గించడం. అదేమీ చిన్న లాభం కాదు. కానీ డబ్బు పెడుతున్నది దేనికో తెలిసి పెట్టాలి.

మామూలు మేపుల్ కర్ర షాఫ్ట్, 13 మి.మీ. టిప్‌తో, ఇప్పటికీ పారేయాల్సిన వస్తువు కాదు. ఎక్కువగా మధ్యన కొడుతూ, ఫాలో (ముందుకి పోనివ్వడం), డ్రా (వెనక్కి రప్పించడం), స్టాప్ (అక్కడే ఆపడం) వీటితోనే తెల్లబంతిని నడిపేవాళ్లకి ఖరీదైన షాఫ్ట్ వల్ల కలిసొచ్చేది తక్కువ. ఏళ్ల తరబడి మేపుల్‌తో ఆడి గురి సర్దుబాటు చేతికి అలవాటైపోయినవాళ్ల సంగతీ అంతే. మేపుల్‌తో దెబ్బ చేతికి స్పష్టంగా తెలుస్తుంది, టిప్ గానీ ఫెర్రూల్ గానీ మార్చడం ఏ క్యూ రిపేరు మనిషికైనా తెలిసిన పని. చిన్న నొక్కు పడితే తడిబట్ట వేసి ఆవిరి పట్టిస్తే చాలావరకు ఉబ్బి సమానమవుతుంది. ఇబ్బంది ఏమిటంటే, ఒకే కంపెనీ రెండు మేపుల్ షాఫ్ట్‌లు ఒకేలా కొట్టవు. కర్ర సాంద్రత, పొరల దిశ ముక్కముక్కకీ మారతాయి. పైగా తేమ పీల్చుకుని వంగడం, ఎండలో నిలిపిన కారులో పెడితే మెలిపడటం దాని నైజం. జిగురుగా ఉందని వారానికోసారి గరుకు కాగితం వేసి రుద్దేవాళ్లు ఇంకో నష్టం చేసుకుంటారు. ఏడాది తిరిగేసరికి షాఫ్ట్ సన్నబడి, ఫెర్రూల్ దగ్గర మెట్టు తేలుతుంది.

చెక్కలోనే లో డిఫ్లెక్షన్ కావాలంటే ముందు గుర్తొచ్చే పేరు ప్రిడేటర్ కంపెనీ షాఫ్ట్ 314. 1994లో వచ్చింది. ఆ తర్వాత మిగతా కంపెనీలన్నీ ఈ దారి పట్టాయంటే దానికి పునాది ఇదే. ఒకే కర్రముక్క కాకుండా, సన్నని మేపుల్ ముక్కల్ని గుండ్రంగా పేర్చి అతికిస్తారు. కాబట్టి ఏ వైపు తిప్పి పట్టుకున్నా దెబ్బ ఒకేలా ఉంటుంది, వంకర పోవడం కూడా తక్కువ. మూడో తరం 314-3 టిప్ 12.75 మి.మీ. మామూలు మేపుల్ నుంచి మారేవాళ్లకి చెయ్యి కొత్తపడనిది ఇదే. దాని జోడీ జెడ్-3, 11.75 మి.మీ. టిప్‌తో, వెనక్కి వచ్చేకొద్దీ లావెక్కే టేపర్‌తో (టేపర్ అంటే షాఫ్ట్ మందం మారే తీరు) వస్తుంది. సన్నటి టిప్ బంతి మీద ఎక్కడ పడుతోందో బాగా కనిపిస్తుంది, నిజమే. కానీ స్ట్రోక్ కాస్త పక్కకి పోయినా ఆ తప్పు పూర్తిగా బంతి మీద తేలుతుంది. స్ట్రోక్ ఇంకా కుదురుకోనివాళ్లు జెడ్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

కార్బన్ ఫైబర్ సంగతికొస్తే, ప్రిడేటర్ రెవో 2016లో వచ్చాక ఆట కనిపించే తీరే మారింది. పెద్ద టోర్నీల్లో ఇప్పుడు నల్ల షాఫ్ట్‌లే ఎక్కువ. రెవో 11.8, 12.4, 12.9 మి.మీ. సైజుల్లో దొరుకుతుంది. క్యూటెక్ కంపెనీ కార్బన్ షాఫ్ట్ సినర్జీ 12.5లో దొరుకుతుంది. డిఫ్లెక్షన్ విషయంలో మంచి చెక్క లో డిఫ్లెక్షన్ షాఫ్ట్‌కీ వీటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఏమీ లేదు. కార్బన్ అసలు గొప్పదనం నిలకడ. తేమకి వంగదు, అంచుకి తగిలినా మామూలుగా నొక్కు పడదు, ఈ రోజు ఎలా కొట్టిందో ఏడాది తర్వాతా అలాగే కొడుతుంది. గరుకు కాగితం అవసరం లేదు, వేయకూడదు కూడా. మెత్తటి గుడ్డకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలు. నచ్చనివాళ్లకి నచ్చనిది శబ్దం. బోలు గొట్టంలాంటి టక్‌మనే మోత కొందరికి చివరిదాకా అలవాటు కాదు. రెండిట్లో తేల్చుకోవాలంటే, రెవో 12.4 సైడ్ బాగా వాడేవాళ్ల చేతికి సరిపోతుంది. సినర్జీ 12.5కి తెల్ల ఫెర్రూల్ ఉంది, నల్ల షాఫ్ట్ మీద టిప్ ఎక్కడుందో కన్ను వెంటనే పట్టుకుంటుంది. రెవోలో ఆ తెల్ల గుర్తు లేదు, గురి పెట్టేటప్పుడు అది వెలితిగా అనిపించేవాళ్లు తక్కువేం కాదు.

కార్బన్‌కి టిప్ మార్చే పని అలవాటు లేనివాళ్లకి ఇవ్వకండి. పాత టిప్ తీసేటప్పుడు వేడెక్కిస్తే లోపలి జిగురు సడలుతుంది. కొత్త టిప్ అంచులు సమం చేసేటప్పుడు బ్లేడు షాఫ్ట్‌కి తగిలితే పడ్డ గీతని పూడ్చే దారి లేదు.

టేపర్ విషయంలో ఎవరూ ఎక్కువగా మాట్లాడరు గానీ, చేతికి మొదట తెలిసేది అదే. ప్రో టేపర్‌లో టిప్ నుంచి సుమారు 10 నుంచి 14 అంగుళాల దాకా మందం దాదాపు ఒకేలా ఉంటుంది. క్యూకి ఆసరాగా టేబుల్ మీద ఆనించే ముందు చేతిని బ్రిడ్జి అంటారు. వేళ్లు చుట్టి క్లోజ్డ్ బ్రిడ్జి వేసేవాళ్లకి పొడవాటి స్ట్రోక్‌లో కూడా ఉచ్చు బిగుసుకోదు, వదులవదు. క్రమంగా లావెక్కే టేపర్‌లో క్యూ ముందుకి వెళ్లేకొద్దీ వేళ్లు తెరుచుకుంటాయి. అది వేళ్లు చుట్టకుండా ఓపెన్ బ్రిడ్జి వేసేవాళ్లకి పట్టదు, చిన్న స్ట్రోక్ వాళ్లకి పెద్దగా తెలియదు.

కొనేముందు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. తెల్లబంతినీ ఇంకో బంతినీ మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టండి. ఎదుటి బంతి నడిమధ్యకి గురిపెట్టి, స్టాప్ షాట్‌కి కొట్టినట్టు టిప్‌ని తెల్లబంతి మధ్యకి కాస్త కిందుగా పెట్టి వంగండి. ఇప్పుడు బ్రిడ్జి చెయ్యి కదపకుండా, వెనక చేతిని ఎడమకి జరిపి టిప్‌ని ఒక టిప్ వెడల్పు కుడికి తెచ్చి, క్యూని వీలైనంత చదునుగా ఉంచి గట్టిగా కొట్టండి. ఎదుటి బంతి నిండుగా తగిలితే తెల్లబంతి ఉన్నచోటే నిలబడి బొంగరంలా తిరుగుతుంది. అది ఎదుటి బంతికి ఎడమపక్కన తగిలితే మీ బ్రిడ్జి, అంటే ఆ చేతికీ తెల్లబంతికీ మధ్య దూరం, ఆ షాఫ్ట్‌కి పొడవైంది, దగ్గరికి తెచ్చుకోండి. కుడిపక్కన తగిలితే పొట్టిది, వెనక్కి జరగండి. సరిగ్గా కుదిరిన దూరాన్ని టేపుతో కొలిచి రాసుకోండి. అది ఆ షాఫ్ట్ పివట్ దూరం. డిఫ్లెక్షన్ తగ్గేకొద్దీ ఈ దూరం పెరుగుతుంది. మీరు సహజంగా వేసే బ్రిడ్జికి దగ్గరగా పివట్ దూరం వచ్చిన షాఫ్ట్, వెనక చేతితో సైడ్ పెట్టే అలవాటున్నవాళ్లకి వరం. గురి పెట్టేటప్పుడే క్యూని మొత్తంగా పక్కకి జరిపి సైడ్ పెట్టేవాళ్లకి పివట్ దూరం ఎంత ఎక్కువైతే అంత మంచిది.

లో డిఫ్లెక్షన్ షాఫ్ట్‌కి మారిన కొత్తలో గురి తప్పడానికి ఇంకో కారణం ఉంది. క్యూ వెనక భాగం కాస్త పైకెత్తి సైడ్ పెట్టి కొడితే బంతి మొదట స్పిన్‌కి ఎదురువైపు జరిగి, ఆ తర్వాత స్పిన్ వైపే వంపు తిరుగుతుంది. నెమ్మదిగా కొట్టే పొడవాటి షాట్‌లో మేపుల్ ఇచ్చే జరుగుడూ ఈ వంపూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ సర్దుబాటు చేతికి తెలియకుండానే అలవాటవుతుంది. లో డిఫ్లెక్షన్ షాఫ్ట్‌లో జరుగుడు తగ్గిపోతుంది, వంపు మాత్రం అలాగే మిగులుతుంది. దాంతో గట్టి షాట్లు బాగా పడుతూ, మెల్లటి షాట్లు స్పిన్ వైపు తప్పుతాయి. షాఫ్ట్‌ని తిట్టేముందు బట్ ఎత్తు తగ్గించి చూడండి. వారానికో షాఫ్ట్ మార్చేవాళ్లకి ఇది ఎప్పటికీ తేలదు.

బరువు గురించి అవసరానికి మించి చర్చ జరుగుతుంది. 58 అంగుళాల పొడవు, 19 ఔన్సులు, అంటే సుమారు 540 గ్రాములు, చాలామందికి సరిపోతుంది. మీద అర ఔన్సో ఒక ఔన్సో కావాలంటే బట్ అడుగున రబ్బరు బంపర్ తీసి లోపలి బోల్టు మార్చుకోవచ్చు. బరువైన బోల్టు వేస్తే తూకం, అంటే క్యూ వేలి మీద నిలిచే చోటు, కూడా వెనక్కి జరుగుతుందని మరవకండి. తూకం బట్ అడుగు నుంచి 18, 19 అంగుళాల దగ్గర ఉంటే మామూలు. బాగా పొడగరులు 60 అంగుళాల క్యూ గానీ వెనక తగిలించే ఎక్స్‌టెన్షన్ ముక్క గానీ చూసుకోవచ్చు. అంతర్జాతీయ పూల్ నిబంధనల్లో ముఖ్యమైన హద్దులు మూడు: పొడవు 40 అంగుళాలకి తగ్గకూడదు, బరువు 25 ఔన్సులు మించకూడదు, టిప్ వెడల్పు 14 మి.మీ. దాటకూడదు.

షాఫ్ట్‌తో వచ్చిన టిప్ నచ్చకపోతే షాఫ్ట్‌నే మార్చేసేవాళ్లున్నారు, అనవసరం. పొరలు పొరలుగా అతికిన మీడియం తోలు టిప్‌తో మొదలెట్టండి. మెత్తటిది అంచులు ఉబ్బి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, తరచూ అంచు కోయించాలి. గట్టిది పైన నున్నగా మెరుగెక్కి చాక్ (టిప్‌కి పూసే సుద్ద) పట్టదు, జారుతుంది. దాన్ని అప్పుడప్పుడు గరుకు చెయ్యాలి. టిప్ పైభాగం గుండ్రదనం 9 నుంచి 10.5 మి.మీ. వ్యాసార్థం మధ్య ఉండాలి. బ్రేక్‌కి, అంటే బంతుల గుంపుని చెదరగొట్టే మొదటి దెబ్బకి, మాత్రం వేరే క్యూ పెట్టుకోండి. ఆడే క్యూతో రోజూ బ్రేక్ కొడితే టిప్ గట్టిపడి చదునవుతుంది.

షాఫ్ట్ విడిగా కొంటుంటే జాయింట్, అంటే బట్‌కీ షాఫ్ట్‌కీ మధ్య మర బిగిసే చోటు, సరిపోవాలి. 3/8-10, 5/16-14, 5/16-18, రేడియల్, యూనిలాక్ అనే జాయింట్ రకాలు ఒకదానికొకటి కుదరవు. 5/16-14, 5/16-18 పిన్నులు చూపుకి ఒకేలా ఉంటాయి. మొదటి చుట్టు సులువుగా ఎక్కి తర్వాత బిగుసుకుంటే అక్కడే ఆపండి, బలవంతం చేస్తే లోపలి మరలు పోతాయి. పిన్ కుదిరినా కాలర్ (జాయింట్ చుట్టూ ఉండే కట్టు) మందం తేడా ఉంటే జాయింట్ దగ్గర వేలికి మెట్టు తగులుతుంది. ఆటకి పెద్ద నష్టం లేదు గానీ, అంత డబ్బు పెట్టాక అది రోజూ చేతికి గుచ్చుకుంటుంది.

వాడిన షాఫ్ట్ అయితే విడిగా టేబుల్ మీద దొర్లించి, నడుమ వెలుతురు సందు పెరిగి తగ్గుతోందేమో చూడండి. బిగించి మొత్తం దొర్లిస్తే తప్పు షాఫ్ట్‌దో బట్‌దో తెలియదు. ఫెర్రూల్ చుట్టూ గోటితో గీరి వెంట్రుకంత చీలిక ఉందేమో వెతకండి. ఆ తర్వాత బట్ అడుగుని అరచేత్తో మెల్లగా తట్టండి. గలగలమంటే లోపలి బోల్టు వదులైందన్నమాట, బిగిస్తే పోతుంది. మోత జాయింట్ దగ్గర నుంచి వస్తే మాత్రం ఆ క్యూ కొనకండి.