కాలేజీల మధ్య పోటీయా, దేశ లీగ్‌లో కాలేజీ జట్టా: ఫుట్‌బాల్ ఆడే అమ్మాయికి ఏది మేలు?

డిగ్రీ మూడేళ్లలో యూనివర్సిటీ జెర్సీ వేసుకుని నేను ఆడినవి తొమ్మిది మ్యాచ్‌లు. మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది మూడు, చివరి ఏడాది రెండు. సెలక్షన్స్ జరిగేవి, పది రోజులు క్యాంపు పెట్టేవారు, స్లీపర్ బోగీలో రాత్రంతా కబుర్లు చెప్పుకుంటూ సౌత్ జోన్ పోటీలకు వెళ్లేవాళ్లం. ఓడిన మర్నాడే తిరుగు రైలు. దిగగానే పీడీ మేడమ్ జెర్సీలు లెక్కపెట్టి తీసుకునేవారు. వచ్చే ఏడు జట్టుకు అవే కావాలి. రెండో ఏడు ఒక మ్యాచ్‌లో నా వెనక జాగా వదిలేసి ముందుకు పరుగెత్తాను, ఆ ఖాళీలోంచే గోల్ పడింది. ఇంకెప్పుడూ ఆ తప్పు చెయ్యకూడదని ఆ రాత్రి గట్టిగా అనుకున్నాను. దాన్ని దిద్దుకునే మ్యాచ్ కోసం పదకొండు నెలలు ఆగాల్సి వచ్చింది.

అందుకే ఏ దేశంలో ఆడపిల్లల ఫుట్‌బాల్ గురించి చదివినా నేను ముందు చూసేది ఒకటే: ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు, ఎవరి మీద? ఆ చూపుతో చూస్తే రెండు దేశాలు నన్ను పట్టి ఆపుతాయి. అమెరికా, దక్షిణాఫ్రికా. రెండు చోట్లా మహిళల ఆటకు వేళ్లు విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నాయి. దారులు మాత్రం పూర్తిగా వేరు. అమెరికాలో విద్యార్థినులు విద్యార్థినులతోనే పోటీ పడతారు, దేశ లీగ్ వేరే లోకం. దక్షిణాఫ్రికాలో యూనివర్సిటీ జట్టే దేశ లీగ్‌లో దిగి పెద్ద క్లబ్బులను ఎదుర్కొంటుంది.

అమెరికా సంగతి మనవాళ్లకు కొంత తెలిసినదే. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉన్న తెలుగు ఇళ్లలో వారాంతం వస్తే పిల్లను కారెక్కించుకుని సాకర్ (మన ఫుట్‌బాల్‌కు అక్కడి పేరు) టోర్నమెంట్లకు తిప్పే అమ్మానాన్నలు చాలామంది. వాళ్ల మనసులో ఉండే మాట కాలేజీ స్కాలర్‌షిప్. ఆ స్కాలర్‌షిప్ పుట్టింది ఆట మీద ప్రేమతో అనుకుంటే పొరపాటు, ఒక చట్టం వల్ల పుట్టింది. 1972లో వచ్చిన టైటిల్ నైన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ మగ తేడా చూపకూడదు. మగపిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ జట్లకు పెద్ద సంఖ్యలో స్కాలర్‌షిప్‌లు పోతున్నాయి కాబట్టి, ఆ తక్కెడ సరిచేయడానికి కాలేజీలు అమ్మాయిల జట్లు పెంచుకుంటూ పోయాయి. పాతిక మందికి పైగా ఒకేసారి చోటిచ్చే సాకర్ అందుకు బాగా పనికొచ్చింది. ఇవాళ పై డివిజన్‌లోనే మహిళల జట్లు 300 దాటి ఉన్నాయి.

ఫలితం లోకమంతా చూసింది. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ 1982లో మొదలుపెట్టిన మహిళల చాంపియన్‌షిప్‌ను నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం ఒక్కటే 22 సార్లు గెలిచింది, చివరిది 2024లో. ఆ జట్టును 1979 నుంచి నడిపిన ఆన్సన్ డోరెన్స్, 1991లో చైనాలో జరిగిన తొలి మహిళల ప్రపంచకప్‌లో అమెరికా కోచ్ కూడా. కప్పు అమెరికాదే. అమెరికా స్టార్ ప్లేయర్ మియా హామ్ ఆ క్యాంపస్ నుంచే వచ్చింది. 1991, 1999, 2015, 2019: అమెరికా గెలిచిన నాలుగు ప్రపంచకప్‌ల వెనకా కాలేజీ మైదానాలున్నాయి. 1999 ఫైనల్‌కు రోజ్ బౌల్‌లో 90,185 మంది కూర్చున్నారంటే, ఆ జనాన్ని తయారుచేసింది కూడా ఆ మైదానాలే అని నా నమ్మకం.

అయినా ఆ పద్ధతిలో నన్ను ఇబ్బంది పెట్టేవి ఉన్నాయి. కాలేజీ సీజన్ ఆగస్టులో మొదలై, జాతీయ టోర్నీ దాకా వెళ్లిన జట్లకు డిసెంబరు మొదట్లో ముగుస్తుంది. ఇరవై చిల్లర మ్యాచ్‌లు మూడు నాలుగు నెలల్లోకి కుక్కేస్తారు. గురువారం ఒకటి, ఆదివారం ఒకటి. కాళ్లు కోలుకోవాలంటే అమ్మాయిలను మార్చుతూ ఉండాలి కాబట్టి రూల్సే వేరుగా రాసుకున్నారు. బయటికెళ్లిన ప్లేయర్ రెండో సగంలో మళ్లీ లోపలికి రావచ్చు. మిగతా లోకమంతా ఆడే ఆటలో ఒకసారి బయటికొస్తే ఇక అంతే. తొంభై నిమిషాలు ఊపిరి దాచుకుంటూ ఆడటం, అలసిన కాళ్లతో బుర్ర పనిచేయించడం అక్కడ తక్కువ నేర్పుతారు. పైగా ఎదుటి జట్టులో ఉన్నదీ పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లే. పదేళ్లు దేశానికి ఆడిన ఒక స్ట్రైకర్ భుజం ఎలా అడ్డుపెడుతుందో, రిఫరీ కంట పడకుండా జెర్సీ ఎలా లాగుతుందో వాళ్లకు తెలిసే వేళకు డిగ్రీ చేతికొచ్చేస్తుంది.

అందుకేనేమో అందరికన్నా మెరికల్లాంటి పిల్లలు ఆ మెట్టు దాటేస్తున్నారు. 2012లో లిండ్సే హోరాన్ నార్త్ కరోలినా సీటు వదులుకుని ఫ్రాన్స్ క్లబ్ పారిస్ సెయింట్ జెర్మెయిన్‌కు ఆడటానికి వెళ్లింది. అప్పట్లో అది పెద్ద సంచలనం. 2017లో మాలరీ ప్యూ యూసీఎల్ఏ నుంచి ఒక్క లీగ్ మ్యాచ్ ఆడకుండానే వెళ్లిపోయింది. 2021లో ఒలివియా మౌల్ట్రీ పదిహేనేళ్ల వయసులో కోర్టుకెక్కి మరీ పోర్ట్‌లాండ్ థార్న్స్ అనే ప్రొఫెషనల్ క్లబ్‌లో చేరింది. కాలేజీల నుంచి ప్లేయర్లను పంచుకునే డ్రాఫ్ట్‌ను కూడా అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ 2024లో ఎత్తేసింది. అలాగని కాలేజీ దారి మూసుకుపోయిందని చెప్పలేను. స్టాన్‌ఫోర్డ్‌లో చదివిన నవోమీ గిర్మా 2025 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వెళ్లినప్పుడు మహిళల ఫుట్‌బాల్‌లో తొలిసారి బదిలీ రుసుము పది లక్షల డాలర్లు దాటింది.

అయితే గిర్మాలు ఎందరు? 300 కాలేజీలకు పాతిక మంది చొప్పున వేసినా 7,500 మంది అమ్మాయిలు. 2025లో ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ జట్లు 14. వాటిలో ఉన్న చోట్లన్నీ కలిపినా నాలుగు వందలు దాటవు, అందులో విదేశీయులూ ఉంటారు. మిగిలినవాళ్లలో చాలామంది ఇరవై రెండేళ్లకు బూట్లు విప్పాల్సిందే. చదువు చేతిలో ఉంటుంది, అది చిన్న విషయం అనను. ఆట మాత్రం అక్కడితో ఆగిపోతుంది.

ఇక దక్షిణాఫ్రికా. కేప్‌టౌన్ శివార్లలో బెల్‌విల్ ఉంది, అక్కడ వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయం. 1960లో వర్ణవివక్ష ప్రభుత్వం తెల్లవాళ్లు కాని ఒక వర్గాన్ని విడిగా పెట్టడానికి కట్టిన సంస్థ అది. అక్కడి విద్యార్థులు ఆ గోడల మధ్య నుంచే ఆ ప్రభుత్వం మీద పోరాడారు. ఆ సంస్థ అమ్మాయిల జట్టు ఇవాళ దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో ఆడుతోంది. 2024లో ఆఫ్రికా మహిళల చాంపియన్స్ లీగ్ కోసం మొరాకో దాకా వెళ్లింది. ఖండంలోని పెద్ద పెద్ద క్లబ్బుల పక్కన, పొద్దున క్లాసుకెళ్లి సాయంత్రం ప్రాక్టీసు చేసే పిల్లల జట్టు! ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దక్షిణాఫ్రికా జాతీయ మహిళల లీగ్ 2019లో 12 జట్లతో మొదలైంది, తర్వాత 16కు పెరిగింది. ఇంటా బయటా (సొంత మైదానంలో ఒకటి, ఎదుటివాళ్ల మైదానంలో ఒకటి) కలిపి జట్టుకు 30 మ్యాచ్‌లు. వెస్టర్న్ కేప్‌తో పాటు ష్వానే టెక్నాలజీ విశ్వవిద్యాలయం, జొహానెస్‌బర్గ్ విశ్వవిద్యాలయం వంటివి అందులో ఆడాయి. విద్యార్థుల కోసం విడిగా వర్సిటీ పోటీలూ ఉన్నాయి. అంటే అక్కడి అమ్మాయికి తోటి విద్యార్థినులతో ఆడే సరదా ఎక్కడికీ పోలేదు. దానికి తోడు వారం వారం ఒక పెద్ద మ్యాచ్ ఉంటుంది, ఎదురుగా మమెలోడి సన్‌డౌన్స్ లాంటి జట్టు ఉంటుంది. సన్‌డౌన్స్ అంటే 2021, 2023లో ఆఫ్రికా మహిళల చాంపియన్స్ లీగ్ గెలిచిన క్లబ్. ఆ జట్టు చేతిలో ఐదు గోల్స్ తిన్న పంతొమ్మిదేళ్ల డిఫెండర్‌కు, తోటి విద్యార్థినులతో మాత్రమే ఆడి పది మ్యాచ్‌లు గెలిచిన డిఫెండర్‌కు చాలా తేడా ఉంటుంది. ఓడిన పిల్లకు ఆ తప్పు దిద్దుకోవడానికి వచ్చే ఆదివారమే మరో మ్యాచ్ ఉంటుంది కూడా.

జాతీయ జట్టు బన్యానా బన్యానా చూడండి. వెస్టర్న్ కేప్‌లో టూరిజం చదువుకుంటూ ఆడిన తెంబి క్గట్లానా 2018లో ఆఫ్రికా ఉత్తమ క్రీడాకారిణి అయింది. 2019లో ప్రపంచకప్ చరిత్రలో దక్షిణాఫ్రికా మహిళల తొలి గోల్ ఆమెదే. ష్వానే టెక్నాలజీలో ఆడిన హిల్డా మగాయా 2022 జులై 23న రబాత్‌లో మొరాకో మీద రెండు గోల్స్ కొట్టి దేశానికి తొలి ఆఫ్రికా కప్ తెచ్చింది. మరుసటి ఏడాది ప్రపంచకప్‌లో ఇటలీ మీద 3-2. మగాయా ఒక గోల్ కొట్టింది, ఆట ముగిసే ఘడియల్లో ఆమె అందించిన బంతినే క్గట్లానా లోపలికి నెట్టింది. రెండు యూనివర్సిటీ మైదానాల పిల్లలు కలిసి ఆ జట్టును తొలిసారి నాకౌట్‌కు చేర్చారు.

అక్కడ లోటేమీ లేదని అనడం లేదు. డబ్బు తక్కువ. ఆటనే నమ్ముకుని బతకడం చాలా జట్లలో కుదరని పని. 2023 ప్రపంచకప్‌కు వెళ్లేముందు జాతీయ జట్టు అమ్మాయిలే పారితోషికం విషయంలో తమ సంఘంతో పోట్లాడి బోట్స్‌వానాతో సన్నాహక మ్యాచ్‌కు దూరంగా ఉండాల్సి వచ్చింది. జాతీయ జట్టుకే ఆ గతి పడితే కాలేజీ జట్టు సంగతి ఊహించుకోవచ్చు. కేప్‌టౌన్ నుంచి జొహానెస్‌బర్గ్ దాదాపు 1,400 కిలోమీటర్లు. సోమవారం పరీక్ష పెట్టుకుని శనివారం అంత దూరం వెళ్లి ఆడటం ఏ పిల్లకైనా భారమే. సన్‌డౌన్స్ ఏళ్ల తరబడి లీగ్‌ను ఏలుతూ ఉండటం మరో చిక్కు. అమెరికాలో పిల్లకు డాక్టరు, ఫిజియో, పచ్చటి గ్రౌండ్, ట్యూటర్ అన్నీ కాలేజీయే ఇస్తుంది. ఈ ఒక్క విషయంలో రెండింటికీ పోలికే లేదు, ఒప్పుకుంటాను.

మరి మనకేది?

మన దేశంలో ఇంటర్ యూనివర్సిటీ పోటీలు భారత విశ్వవిద్యాలయాల సంఘం నడుపుతుంది. ముందు జోన్, ఆ తర్వాత ఆలిండియా. 2020 నుంచి ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ తోడయ్యాయి. అమెరికా పద్ధతిలాగే మనవీ విద్యార్థుల కోసం మాత్రమే ఉన్న పోటీలు, కానీ అమెరికా ఇచ్చే ఇరవై మ్యాచ్‌లు మనకు లేవు. ఆ దారిలోని గోడలు మాత్రం తెచ్చుకుని, లోపలి సౌకర్యం వదిలేశాం. టైటిల్ నైన్ లాంటి చట్టం బలం లేకుండా ఆ దారి మనకు ఫలించదని నా గట్టి అభిప్రాయం.

ఇటు ఇండియన్ విమెన్స్ లీగ్ 2016-17లో మొదలైంది. మొదట్లో ఒకే ఊళ్లో అందరూ చేరి ఆడేసి వెళ్లే టోర్నీ. 2023-24లో ఇంటా బయటా పద్ధతి వచ్చింది; ఆ సీజన్‌లో ఏడు జట్లు, 2024-25లో ఎనిమిది, అంటే జట్టుకు 14 మ్యాచ్‌లు. నా మూడేళ్ల కాలేజీ జీవితం కన్నా ఐదు ఎక్కువ, అదీ ఒక్క సీజన్‌లో! కాలేజీ అండతో ఈ లీగ్‌లో నిలవడం కుదురుతుందా అంటే మదురై వైపు చూపిస్తాను. అక్కడి సేతు ఇంజనీరింగ్ కాలేజీ అండతో పుట్టిన సేతు ఎఫ్‌సీ 2018-19లో ఈ లీగ్ గెలిచింది. మన హైదరాబాద్‌లోనూ విద్యాసంస్థల నుంచి వచ్చిన శ్రీనిధి దక్కన్ 2021-22 నుంచి మగవాళ్ల ఐ-లీగ్‌లో ఆడింది. అదే పని ఆడపిల్లల కోసం ఎవరైనా చేస్తే బాగుండునని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను.

నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య కథ తెలిసినవాళ్లకు నా ఆరాటం అర్థమవుతుంది. ఆమె ముంబయి క్లబ్ కెంక్రే, గోకులం కేరళ, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్, ఆపై ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ లీగ్ గెలిచింది, దేశ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు సౌమ్యకు దక్కింది. ఆ జాబితాలో ముంబయి ఉంది, కేరళ ఉంది, యూరప్ ఉంది, కోల్‌కతా ఉంది. తెలుగు నేల మీద ఒక్క క్లబ్ పేరు లేదు. ఆమె వెనక వస్తున్న పిల్లలందరికీ అంత దూరం వెళ్లే ధైర్యం, ఇంట్లోవాళ్ల ఒప్పుదల ఉండవు. హాస్టలు, హాజరు మినహాయింపు, పూట భోజనం, డిగ్రీ ఇవ్వగల విశ్వవిద్యాలయం దగ్గర్లో ఉండి, అదే జట్టును రాష్ట్ర లీగ్‌లో, అక్కడినుంచి దేశ లీగ్ రెండో అంచెలో దింపితే, తండ్రికి చెప్పుకోవడానికి చదువు ఉంటుంది, పిల్లకు ఆడుకోవడానికి మ్యాచ్ ఉంటుంది. బాగా ఆడే బయటి అమ్మాయిలను ఇద్దరు ముగ్గురిని తీసుకోవచ్చు, డిగ్రీ అయ్యాక కూడా జెర్సీ విప్పక్కర్లేదు. అందుకే నేను దక్షిణాఫ్రికా దారి వైపే మొగ్గుతాను.

అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లల సంగతి వేరు. పదిహేడేళ్లకే ప్రొఫెషనల్ క్లబ్ పిలిచేంత ఆట ఉంటే తప్ప కాలేజీకే పంపండి. ఆ వసతి మరెక్కడా దొరకదు. కాకపోతే కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకు చూసి మురిసిపోకుండా, మొదటి ఏడాది పిల్లలకు మైదానంలో ఎన్ని నిమిషాలు దొరికాయో ఆ జట్టు పాత స్కోరు పట్టికల్లో చూడండి. పెద్ద పేరున్న జట్టులో నాలుగేళ్లు బెంచీ మీద కూర్చునే కన్నా మధ్యస్థమైన జట్టులో రోజూ ఆడటం వెయ్యి రెట్లు నయం.

ఇక్కడ ఇంటర్ అయిపోయి స్పోర్ట్స్ కోటాలో సీటు వెతుక్కుంటున్న అమ్మాయీ, నీకు ఒక మాట. అడ్మిషన్ రోజు ఫీజు రాయితీ ఎంతో అందరూ అడుగుతారు. నువ్వు పీడీ సార్ దగ్గరికి వెళ్లి, పోయిన ఏడు అమ్మాయిల జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఆడింది, బయటి క్లబ్బుల మీద ఎన్ని ఆడింది అని అడుగు. జిల్లా లీగ్‌లో ఈ కాలేజీ పేరు ఉందా అని కూడా అడుగు.