పెద్ద మానుకు ఏ రంపం: స్టిల్ 661, హస్క్‌వర్నా 395

మూడడుగుల మందం మొదలున్న చెట్లను కోసే వృత్తి నిపుణులు తరచూ పోల్చి చూసే చైన్‌సాలు స్టిల్ ఎంఎస్ 661 సీ-ఎం, హస్క్‌వర్నా 395 ఎక్స్‌పీ. హస్క్‌వర్నా ఇంజిన్ 93.6 సీసీ, స్టిల్‌ది 91.1 సీసీ, అయినా తయారీదారుల లెక్క ప్రకారం స్టిల్ 5.4 కిలోవాట్ల శక్తినిస్తే, హస్క్‌వర్నా 4.9 దగ్గరే ఆగుతుంది.

బార్ (చైన్ తిరిగే పొడవైన లోహపు పలక), చైన్ లేకుండా స్టిల్ సుమారు ఏడున్నర కిలోలు, హస్క్‌వర్నా దాదాపు ఎనిమిది. అర కిలో తేడా చిన్నదిగా తోచవచ్చు గానీ, పొడవైన బార్ బిగించి రోజంతా వాలు నేలపై పనిచేసేవారి నడుముకు, మణికట్టుకు అది స్పష్టంగా తెలుస్తుంది.

అసలు భేదం నిర్వహణలో ఉంది. స్టిల్‌లోని ఎం-ట్రానిక్ వ్యవస్థ ఎత్తునూ ఉష్ణోగ్రతనూ బట్టి గాలిలో కలిసే ఇంధనం పాళ్లను తానే సరిచేసుకుంటుంది కనుక కార్బురేటర్ (గాలిని, ఇంధనాన్ని కలిపే భాగం) మరలు తిప్పే శ్రమ ఉండదు. అయితే అందులో లోపం తలెత్తితే దానిని కనిపెట్టడానికి తరచూ సర్వీస్ కేంద్రానికే వెళ్లాలి. 395లో మాత్రం స్క్రూడ్రైవర్‌తో, అలవాటైన చెవితో అడవిలోనే ఇంజిన్‌ను సరిచేసుకోవచ్చు, కానీ ఇంధనం తగ్గి గాలి ఎక్కువై పాళ్లు పలచబడితే పిస్టన్ కాలిపోయే ప్రమాదం పూర్తిగా పనివాడి జాగ్రత్త మీదే ఆధారపడుతుంది. రెండింటికీ 50:1 పాళ్లలో నూనె కలిపిన పెట్రోలు కావాలి.

సర్వీస్ కేంద్రం అందుబాటులో ఉన్నవారికి నేను స్టిల్‌నే సూచిస్తాను. మారుమూల అడవిలో వారాల తరబడి ఉండేవారికి, బరువైనా, 395 నమ్మదగినది.