రెండున్నరేళ్లుగా నా గుర్రం గుండె వింటున్న స్టెతస్కోప్

ఎండ్యూరెన్స్ రైడింగ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందు ఏం కొనాలని అడిగితే నేను జీను గురించి చెప్పను, స్టెతస్కోప్ కొనమంటాను. నాది మహబూబ్‌నగర్‌లో ఒక మెడికల్ షాపులో 700 రూపాయలకు కొన్నది. నర్సింగ్ చదివే పిల్లలు కొనుక్కునే మామూలు రకం. రెండున్నరేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఇది గుర్రం మీద దూరం పోయే పోటీ. మన దేశంలో కొత్తవాళ్లు 20, 40 కిలోమీటర్లతో మొదలుపెడతారు. 1955 నుంచి కాలిఫోర్నియాలో జరుగుతున్న టెవిస్ కప్‌లో అయితే 100 మైళ్లు 24 గంటల్లో పోవాలి. ఎంత దూరమైనా, గీత దాటగానే పోటీ అయిపోదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మామూలుగా గుర్రం గుండె నిమిషానికి 64కో అంతకు తక్కువకో దిగాలి. చివరి దశ తరువాత అందుకు 20 నిమిషాలు ఇస్తారు. మధ్యలో వచ్చే వెట్ గేట్ల దగ్గర, అంటే పశువుల డాక్టర్లు గుర్రాన్ని చూసే చోట, గుర్రాన్ని పరీక్షకు తీసుకుపోయేదాకా మన టైం నడుస్తూనే ఉంటుంది. అంటే ఎంత వేగంగా వచ్చామన్నది సగం లెక్కే. మిగతా సగం గుండె ఎంత తొందరగా నెమ్మదిస్తుందన్న దాంట్లో ఉంది.

నా గుర్రం పేరు బిజిలీ. ఇంతకుముందు పెళ్లి బారాత్‌లకు తిరిగేది. లాయంలో నిమ్మళంగా నిలబడ్డప్పుడు దాని గుండె 36 కొట్టుకుంటుంది. గుర్రాలకు సాధారణంగా 28 నుంచి 44 దాకా ఉంటుంది. మీ గుర్రానికి ఎంతో తెలియాలంటే కనీసం పది రోజులు, దాణా పెట్టకముందు, ఒకే టైంకు లెక్కపెట్టి రాసుకోవాలి. నా నోట్‌బుక్‌లో మొదటి వారం అంకెలన్నీ తప్పే. లబ్, డబ్ రెండు చప్పుళ్లు కలిస్తే ఒక దెబ్బ. నేను రెండుగా లెక్కపెట్టి 72 అని రాసి, రాత్రంతా టెన్షన్ పడ్డాను.

వినాల్సిన చోటు ఎడమ ముందుకాలి మోచేయి వెనక, జీను పట్టీ పడే చోట. బిళ్లను పైపైన పెడితే ఏమీ వినపడదు. కాలి కండ కిందికి కొంచెం ముందుకు నెట్టి అదమాలి. పొడి వెంట్రుకల మీద పెడితే కరకరమని రాపిడి వస్తుంది, చేయి తడిపి అక్కడ ఒకసారి రుద్దితే పోతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. మా లాయం చూసుకునే చాచాకు ఇవేవీ అక్కర్లేదు. దవడ కింద నరం మీద రెండు వేళ్లు పెట్టి, "ఇయ్యాల దౌడ్ వద్దు బేటా, ఇంకా కొట్టుకుంటుంది" అంటాడు. నేను స్టెతస్కోప్‌తో చూస్తే చాచా మాటే నిజమవుతుంది.

మన్యంకొండ వైపు చెల్క నేలల్లో ట్రాట్ మీద, అంటే నడకకూ దౌడ్‌కూ మధ్య ఉండే పరుగులో, 15 కిలోమీటర్లు పోయి దిగి, పది నిమిషాలు ఆగాక ఒక పరీక్ష చేస్తాను. ముందు గుండె లెక్కపెట్టాలి. తరువాత స్టాప్‌వాచ్ నొక్కి 125 అడుగుల (సుమారు 38 మీటర్ల) దూరం ట్రాట్‌లో తీసుకుపోయి వెనక్కి తేవాలి. నిమిషం నిండగానే మళ్లీ లెక్కపెట్టాలి. ముందు 56 ఉండి, తరువాత 56కో 52కో వస్తే గుర్రం బాగున్నట్టు. 60కి ఎక్కితే ఆ రోజుకు చాలు. అలసటో, నీళ్లు తక్కువవడమో, ఎక్కడో నొప్పో ఉందన్నమాట. వానాకాలం ముసురు పట్టిన సాయంత్రాల్లో బిజిలీ గుండె దిగడానికి వేసవి పొద్దుటి కంటే ఎక్కువ సేపు పడుతుంది. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఈ సంగతి నా నోట్‌బుక్ చూశాకే నాకు తెలిసింది.

దీని విలువ పూర్తిగా తెలిసింది మాత్రం పక్క రాష్ట్రంలో నా మొదటి 40 కిలోమీటర్ల పోటీలో. అంతకు నెల ముందే గుర్రం ఛాతీకి బెల్టు కట్టి వాచీలో అంకె చూపించే హార్ట్ మానిటర్ కొన్నాను. దాని మీద నమ్మకంతో స్టెతస్కోప్‌ను కారులోనే వదిలేశాను. గీత దాటిన తొమ్మిదో నిమిషంలో వాచీ 62 చూపించింది. వెంటనే బిజిలీని పరీక్షకు తీసుకుపోయాను. డాక్టరుగారు తన స్టెతస్కోప్ పెట్టి 68 అన్నారు. చివరి పరీక్షకు ఒక్కసారే అవకాశం. బెల్టు కింద తడి ఆరి కొన్ని దెబ్బలు వదిలేసిందని తరువాత అర్థమైంది. ఇంకా 11 నిమిషాలు చేతిలో ఉన్నాయి. నీళ్లు పోసి, గీకి తీసి, మళ్లీ పోసి ఐదు నిమిషాలు ఆగితే సరిపోయేది. 40 కిలోమీటర్లు ఎక్కడా కుంటకుండా వచ్చిన గుర్రం నా తొందరపాటు వల్ల ఎలిమినేట్ అయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇక లోపాలు. రెండో ఎండాకాలంలో రబ్బరు గొట్టం గట్టిపడి, రెండుగా చీలే చోట సన్నగా పగిలింది. కారు డాష్‌బోర్డు మీద ఉంచడం నా తప్పే కానీ, మన ఎండలకు ఆ గొట్టం ఆగే రకం కాదు. చప్పుడు సగానికి తగ్గితే గొట్టం మార్పించాను. చెవుల్లో పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ బుడిపెలు నొప్పి పెడతాయి, మెత్తటివి వేసుకోండి. హెల్మెట్ తీయకుండా పెట్టుకోవడం కుదరదు, పట్టీలు అడ్డం వస్తాయి. పక్కన బోరు మోటారు నడుస్తుంటే దీంతో పని కాదు. ఇంకొంచెం ఖరీదైనదాంట్లో స్పష్టంగా వినపడుతుంది, కాదనను.

పొట్ట వినడానికి మాత్రం ఇది చాలు. డొక్కకు రెండు పక్కలా, పైనా కిందా, నాలుగు చోట్లా గుడగుడ వినపడాలి. పోయిన దసరా ముందు ఒక రాత్రి బిజిలీ ఉలవలు ముట్టలేదు, వెనక్కి తిరిగి డొక్క చూసుకుంటోంది. కుడి పక్క ఏదో కొంచెం వినపడింది. ఎడమ పక్క రెండు నిమిషాలు బిళ్ల పెట్టి ఉంచినా చప్పుడు లేదు. ఫోన్లో డాక్టరుగారికి ఇదే చెబితే, తెల్లారేదాకా ఆగకుండా వచ్చారు. కడుపునొప్పే. తెల్లవారుజామున నాలుగింటికి ఎడమ డొక్కలో మళ్లీ గుడగుడ మొదలైంది. చాచా చెవికి కూడా స్టెతస్కోప్ పెట్టి వినిపించాను.

ఇప్పుడు సంచిలో రెండు ఉంటాయి, ఒకటి ఇదే, ఇంకోటి కొత్తది. వాచీ ఇంకా వాడుతున్నాను కానీ పరుగు మీద ఉన్నప్పుడు మాత్రమే. దిగాక చెవితో విన్న అంకెనే నోట్‌బుక్‌లో రాస్తున్నాను.