చిన్న కాలిన గాయానికి ఏది మేలు: బర్నాలా, సిల్వర్ క్రీమా, వాజిలీనా?

తాలింపు నూనె చిట్లి ముంజేతి మీద పడినా, కుక్కర్ ఆవిరి వేళ్ళకు తగిలినా మన ఇళ్ళల్లో ముందు వినపడే కేక "బర్నాల్ ఎక్కడ పెట్టావే?" ఆ వెతుకులాట తర్వాత సంగతి, ముందు కుళాయి తిప్పండి. కాలిన చోట చర్మం లోపల వేడి ఇంకా ఉంటుంది. పారే చల్లటి నీళ్ళ కింద 20 నిమిషాలు పెడితే ఆ వేడి దిగుతుంది, మంట తగ్గుతుంది, గాయం లోతుకు పోకుండా ఆగుతుంది. వెంటనే కుదరకపోయినా మూడు గంటల్లోపు చేస్తే ఎంతోకొంత ఫలితం ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్ళు కాగిపోయి ఉంటాయి కాబట్టి అప్పుడు బోరు నీళ్ళో కుండ నీళ్ళో చెంబుతో ధారగా పోయాలి. ఐస్ మాత్రం పెట్టకూడదు, దెబ్బతిన్న చర్మం దానివల్ల ఇంకా పాడవుతుంది. ఈలోగా గాజులు, ఉంగరాలు తీసేయాలి. వాపు వచ్చాక అవి ఊడిరావు.

పైపూతల సంగతి ఆ తర్వాతే. అదీ ఎర్రబడి మండేదానికి, లేదా మూడు అంగుళాలు దాటని చిన్న గాయానికి మాత్రమే.

బర్నాల్‌లో ఉండేవి అమినాక్రిన్, సెట్రిమైడ్. రెండూ క్రిమినాశకాలే. ఆ పసుపు రంగు అమినాక్రిన్‌ది. చర్మం చిట్లకపోతే క్రిములు లోపలికి పోయే దారే లేదు, ఇక చంపాల్సిందేముంది? చిన్న గాయానికి అది పెద్ద చెరుపేమీ చేయదు. కానీ డాక్టర్ గాయం లోతును ఎరుపు, తెలుపు రంగులు చూసి అంచనా వేస్తారు. మీరు ఆ పసుపు రంగు పూసుకుని వెళ్తే ముందు అది కడగడమే ఆయన పని. వంటింటి పసుపుదీ అదే ఇబ్బంది.

మెడికల్ షాపులో "కాలింది" అనగానే చేతిలో పెట్టే రెండో ట్యూబు సిల్వర్ సల్ఫాడయాజిన్, తెల్లటి క్రీము. దాని మీద నమ్మకం ఎక్కువ, ఎందుకంటే ఆసుపత్రిలో వాడతారు. నిజమే, 1960ల చివర్లో అమెరికాలో డాక్టర్ చార్లెస్ ఫాక్స్ దీన్ని తయారుచేసింది పెద్ద గాయాల కోసమే. ఒళ్ళు చాలా భాగం కాలినవాళ్ళ ప్రాణం తీసేది ఇన్ఫెక్షన్. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చకు ఆ భయం లేదు. పైగా వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2013 సమీక్షలో, కొన్ని కొత్త రకం డ్రెస్సింగులతో పోలిస్తే ఈ క్రీము వాడినచోట గాయం మానడం వెనకబడినట్టే కనిపించింది. రాసిన కొద్దీ గాయం మీద తెల్లటి పొర కట్టి లోతు తెలియనివ్వదు. సల్ఫా మందులు పడనివాళ్ళు, నెలలు నిండుతున్న గర్భిణులు, రెండు నెలల లోపు పసికందులు దీనికి దూరం. డాక్టర్ రాసిస్తే వాడండి, సొంతంగా వద్దు.

సోఫ్రామైసిన్, నియోస్పోరిన్ లాంటి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లు చర్మం కాస్త ఊడినచోట పలచగా రాస్తుంటారు. కానీ వీటిలోని నియోమైసిన్ జాతి మందు కొందరికి పడదు. దురద, దద్దుర్లు వస్తే గాయం ముదిరిందనుకుని ఇంకా దట్టంగా పట్టించేవాళ్ళున్నారు. దురద మొదలైతే పూత ఆపాలి.

నా ఓటు వాసన లేని మామూలు వాజిలీన్‌కే. గాయం పూర్తిగా చల్లబడ్డాక, సబ్బుతో కడిగిన వేలితో పలచగా రోజుకు రెండు మూడుసార్లు రాసి, పైన అంటుకోని గాజ్ (కట్టు కట్టే పలచటి గుడ్డ) వదులుగా చుడితే చాలు. తడి ఆరదు, కట్టు విప్పేటప్పుడు కొత్త చర్మం లేచి రాదు. ఇంటిల్లిపాదీ వేళ్ళు పెట్టే డబ్బా కంటే ట్యూబు శుభ్రం. వేడి దిగకముందే రాస్తే మాత్రం జిడ్డు కింద ఆ వేడి నిలిచిపోతుంది. నెయ్యి, కొబ్బరినూనెలతో వచ్చే చిక్కూ ఇదే. కలబంద జెల్ చల్లగా హాయిగానే ఉంటుంది, ఎర్రబడినంత వరకు పర్వాలేదు. మట్ట కోస్తే కారే పసుపు సొన మాత్రం కడిగేయాలి, అది చర్మాన్ని మండిస్తుంది. టూత్‌పేస్ట్‌లో చల్లదనం పుదీనాదే, గాయానికి మిగిలేది నురగ రసాయనం, గరుకు పొడి.

నొప్పికి పారాసిటమాల్ చాలు. బొబ్బను చిదమొద్దు, పై చర్మమే దాని కట్టు. టీటీ (ధనుర్వాతం టీకా) వేయించుకుని ఏళ్ళు గడిస్తే డాక్టర్‌ని అడగండి.

ముఖం, కీళ్ళు, మర్మాంగాల దగ్గర కాలినా, తెల్లగా మారి నొప్పి తెలియకపోయినా, కరెంటు వల్లో యాసిడ్ వల్లో అయినా ఏ ట్యూబూ తెరవొద్దు. చిన్నపిల్లలకు, షుగర్ ఉన్నవాళ్ళ పాదాలకు గాయం చిన్నదే అనిపించినా అంతే. శుభ్రమైన పొడి గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, పెద్దదైతే 108కి ఫోన్ చేయాలి.