సీబీటీనా, మైండ్‌ఫుల్‌నెస్సా?

బెజవాడలో ఇప్పుడు సందుకో వెల్‌నెస్ కోచ్ ఉన్నారు, ఫోన్ చేస్తే ఒకరు ధ్యానం అంటారు, ఇంకొకరు ఆలోచన మార్చుకోండి అంటారు, రెండూ ఒకటేలే అనుకుంటాం గానీ కాదు.

సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచననీ అలవాటునీ మార్చే మాటల వైద్యం, 1960ల్లో అమెరికా సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ మొదలెట్టింది. చాలా పని కాగితం మీదే. మాక్ టెస్ట్‌లో ర్యాంకు పడిపోయిన ఇంటర్ పిల్లోడు "ఇక నా పని అయిపోయింది" అనుకుంటే ఆ మాటే రాయించి, పక్కన దానికి సాక్ష్యం ఏంటి, ఎదురు సాక్ష్యం ఏంటి అని రెండు గళ్ళు నింపిస్తారు, తర్వాత వాడు భయపడి ముట్టుకోని చాప్టర్‌ని కొంచెం కొంచెంగా తెరిపిస్తారు. హోంవర్క్ ఎగ్గొడితే మాత్రం డబ్బులు దండగే.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఈ క్షణంలో ఏం జరుగుతోందో గమనిస్తూ ఉండే ధ్యానం, దాని దారి వేరు. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలో పెట్టిన కోర్సు 8 వారాలు, బాడీ స్కాన్ (ఒంట్లో ఒక్కో భాగాన్నీ మనసుతో గమనించడం), శ్వాస, కాస్త యోగా. ఇందులో ఆ ఆలోచనతో వాదన ఉండదు, వచ్చింది, పోద్ది అని చూస్తూ ఊరుకోవడమే. ఎప్పుడూ ఒళ్ళు బిగదీసుకుని ఉండేవాళ్ళకి హాయి.

నన్నడిగితే పరీక్ష భయం, పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే గాభరా) లాంటివాటికి ముందు సీబీటీనే, అదీ సైకాలజిస్ట్ దగ్గర. ఉత్త కోచింగ్ సర్టిఫికెట్‌తో జబ్బు తేల్చకూడదు (ఫీజు మాత్రం తేల్చేస్తారు!). మనసుకి తగిలిన పాత గాయాలున్నవాళ్ళకి కళ్ళు మూసుకుని కూర్చుంటే ఒక్కోసారి గాభరా పెరుగుద్ది కూడా. చచ్చిపోవాలనిపిస్తుంటే ఈ లెక్కలేం వద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.