గుంటూరు నుంచి కర్ణాటక: నలుగురం, ఒక కారు, పదమూడు రోజులు

మా ప్రయాణమంతా ఒక్క తిథి చుట్టూ అల్లుకున్నాం. క్షీరాబ్ది ద్వాదశి నాడు ఉడుపిలో ఉండాలని మా అత్తయ్యగారి కోరిక. అక్కడ కృష్ణమఠం రథవీధిలో లక్షదీపోత్సవం ఆ సాయంత్రమే మొదలవుతుంది. ఆ రోజుని ఖాయం చేసుకుని, వెనక్కి లెక్కేస్తే హంపీ, బాదామి, జోగ్ వచ్చాయి. ముందుకి లెక్కేస్తే శృంగేరి, బేలూరు, మైసూరు. మైసూరు ప్యాలెస్‌కి దీపాలు వెలిగించేది ఆదివారాలు, సెలవు రోజుల్లో కాబట్టి అక్కడికి ఆదివారం చేరేలా చూసుకున్నాం. అలా కార్తీకంలో ఓ శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి బ్రాడీపేటలో బండి కదిలింది.

సొంత కారు. నడిపేవాళ్లు ఇద్దరు, మా ఆయన, మా తమ్ముడు. వెనక సీట్లో నేను, డెబ్భై ఏళ్ల అత్తయ్యగారు, ఆవిడ మోకాళ్ల నొప్పులు, ఒక కారప్పొడి సీసా. ఆ సీసా సంగతి తర్వాత చెప్తాను.

మన వైపు కర్ణాటక అంటే బెంగళూరు, మైసూరు, అక్కణ్ణుంచి ఊటీ. ఉత్తర కర్ణాటక అంటే "అక్కడేముంది, రాళ్లు" అంటారు. మాకు మనసు నిండిన మొదటి నాలుగు రోజులూ ఆ రాళ్ల మధ్యే గడిచాయి. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, గిద్దలూరు, నల్లమల ఘాట్ దిగి నంద్యాల, బళ్లారి మీదుగా హంపీ పక్కనున్న కమలాపురానికి దాదాపు 500 కిలోమీటర్లు. దారిలో ఆగి తినదగ్గ చోట్లు మాకు పెద్దగా కనబడలేదు. ఇంటి నుంచి తీసుకెళ్లిన పులిహోరే ఆదుకుంది. పొద్దు గూకే వేళకి చేరాం. బస కర్ణాటక పర్యాటక శాఖ వాళ్ల మయూర భువనేశ్వరిలో. గదుల్లో హంగులు ఆశించొద్దు. కానీ కారు గది దగ్గరే పెట్టుకోవచ్చు, మెట్లెక్కే పని లేదు, హంపీ శిథిలాలు పక్కనే. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి?

హంపీకి రెండు రాత్రులు పెట్టుకున్నాం. మూడు పెట్టాల్సింది. విఠలాలయానికి పొద్దున్నే వెళ్లండి. కారు దాదాపు కిలోమీటరు అవతలే ఆపేస్తారు, అక్కణ్ణుంచి బ్యాటరీ బండి. మేం ఎక్కిన దాన్ని ఓ అమ్మాయి నడిపింది. అత్తయ్యగారు దిగేటప్పుడు బండి ఆపి, చెయ్యి పట్టుకుని దింపింది. యాభై రూపాయల నోటు మీదున్న రాతి రథం ఇక్కడిదే. ఇక్కడ కొన్న టికెట్ పారేయకండి, అదే రోజు లోటస్ మహల్ ఉన్న జనానా ఆవరణకీ పనికొస్తుంది. అక్కడ మళ్లీ క్యూలో నిలబడ్డవాళ్లని చూశాం.

నన్ను కదలనివ్వంది మాత్రం కృష్ణాలయం. రాయలవారు ఉదయగిరి గెలిచి, అక్కణ్ణుంచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం కట్టించిన గుడి అది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, ఇక్కడ గర్భగుడి ఖాళీ. అదే దండయాత్రలో 1515లో ఆయన కొండవీడు కోటనీ గెలిచాడు. కొండవీడంటే మాకు ఇంటి పక్క కొండ, పిల్లల్ని ఆదివారం తిప్పుకొచ్చే చోటు. మా ఊరి పక్క దాకా వచ్చిన ఆ దండయాత్ర కథ ఇంత దూరంలో రాయి మీద కనబడేసరికి ఆ మండపంలో చాలాసేపు కూర్చుండిపోయాను. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక రాయలవారి రాజధాని ఏమైందో చుట్టూ కనబడుతూనే ఉంది.

బాదామి అక్కడికి సుమారు 140 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. ఇక్కడా రెండు రాత్రులు. బీజాపూర్ గోల్ గుంబజ్ కూడా చూద్దామని తమ్ముడు పట్టుబట్టాడు. దానికోసం ఉత్తరానికి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి, ఒక రోజు పూర్తిగా రోడ్డు మీదే పోతుంది. వద్దనుకున్నాం. ఆ మిగిలిన రోజే దగ్గర్లో చాళుక్యుల గుళ్లున్న ఐహోళె, పట్టదకల్లు నింపాదిగా చూసేందుకు పనికొచ్చింది.

బాదామి గుహలు ఎర్రరాతి కొండలో తొలిచారు, నాలుగు. మెట్లు నిటారుగా ఉంటాయి. అత్తయ్యగారు మొదటి గుహ దగ్గరే ఆగి, పద్దెనిమిది చేతుల నటరాజుని చూస్తూ కూర్చున్నారు. మూడో గుహలో 578 నాటి శాసనం ఉంది. కోతులున్నాయి జాగ్రత్త, నా చేతిలో అరటిపండ్ల సంచి కళ్ల ముందే పోయింది. మర్నాడు ఐహోళెలో మేగుటి గుడి ఎక్కాం. రెండో పులకేశి విజయాల్ని రవికీర్తి చెక్కించిన 634 నాటి శాసనం ఆ గోడ మీదే ఉంది. అందులో పిష్టపురం పేరుంది, అంటే మన పిఠాపురం. ఆ పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే వేంగిలో తూర్పు చాళుక్యుల పాలన మొదలుపెట్టాడు. స్కూల్లో పరీక్ష కోసం బట్టీ పట్టిన పేర్లు ఆ గోడ ముందు నిలబడితే చుట్టాల పేర్లలా అనిపించాయి.

తిండి సంగతికొస్తే, బాదామికి నాలుగైదు కిలోమీటర్లలో బనశంకరి గుడి ఉంది. గుడి బయట ఆడవాళ్లు గంపల్లో జొన్నరొట్టెలు పెట్టుకుని కూర్చుంటారు. మాకు వడ్డించిన పెద్దావిడ రొట్టె మీద వేరుశనగ పొడి చల్లి, పక్కన గుత్తొంకాయ లాంటి కూర, చిన్న మట్టి పిడతలో గడ్డపెరుగు పెట్టింది. పెరుగు ఎంత గట్టిదంటే పిడత వంచినా కదల్లేదు. అత్తయ్యగారు రెండు రొట్టెలు తిన్నారు. ఆవిడ ఇంట్లో ఒకటే తింటారు.

జోగ్ గురించి నిజం చెప్తాను. 253 మీటర్ల జలపాతం, కానీ నవంబరులో నాలుగు పాయలూ సన్నబడిపోయాయి. దాన్ని నిండుగా చూడాలంటే వానాకాలం రావాలి, బాదామి రాళ్ల మధ్య తిరగాలంటే చలికాలం కావాలి. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు. మాలాగా కార్తీకంలో వెళ్లేవాళ్లు అక్కడ రాత్రి బస పెట్టుకోనక్కర్లేదు. హుబ్బళ్లి, శిరసి మీదుగా వస్తే శిరసిలోనే పడుకుని, మర్నాడు జోగ్ చూసుకుంటూ హొన్నావర దిగిపోవచ్చు.

ఉడుపిలో బస విషయంలో దెబ్బతిన్నాం. లక్షదీపోత్సవం రోజులు కాబట్టి మఠం చుట్టుపక్కల గదులు దొరకలేదు. కాస్త దూరంలో ఒక హోటల్ ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. లిఫ్ట్ ఉందని, పార్కింగ్ ఉందని రాశారు. తీరా వెళ్తే లిఫ్ట్ పనిచేయడం లేదు, గది మూడో అంతస్తులో, పార్కింగ్ అంటే ఎదురుగా రోడ్డు. కింద గది ఇమ్మని గంటసేపు బతిమాలాం. ఇవ్వలేదు. అత్తయ్యగారు ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఎక్కుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత ప్రతి బసకీ ముందురోజు నేనే ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగాను: "లిఫ్ట్ ఇవాళ పనిచేస్తోందా? కారు మీ కాంపౌండ్ లోపల పెట్టుకోవచ్చా?" మీరూ అడగండి.

కానీ ఆ సాయంత్రం రథవీధిలో అడుగు పెట్టగానే ఆవిడ నొప్పుల మాటే ఎత్తలేదు. వీధి చుట్టూ వరసలు వరసలుగా ప్రమిదలు, నూనె వాసన, మధ్యలో రథం కదులుతూ ఉంటే జనం పక్కకి ఒదుగుతూ. కనకన కిండి, అంటే కనకదాసు కిటికీ, లోంచి కృష్ణుణ్ణి చూసి బయటికొచ్చి, "ఇంక నన్ను ఎక్కడికి తీసుకెళ్లినా సరే" అన్నారు. ఉడుపిలో రెండో రాత్రి అందుకే ఉంచుకున్నాం, హడావుడి లేకుండా మఠంలో భోజనం చేయడానికి. అక్కడి సాంబారులో బెల్లం తగులుతుంది. కారప్పొడి సీసా మూత తీసింది అక్కడి హోటళ్లలోనే. మా తమ్ముడు ఇడ్లీ మీద కూడా చల్లుకున్నాడు.

ఉడుపి నుంచి చిక్కమగళూరు సుమారు 170 కిలోమీటర్లే. కిలోమీటర్లు చూసి మూడు గంటలనుకున్నాను. ఆగుంబె ఘాట్‌లో పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు, తర్వాత శృంగేరి దర్శనం, ఆపైన మలెనాడు కొండదారి. సాయంత్రం ఆరయింది. ఇలాంటి రాష్ట్రంలో రోజుకి ఎన్ని గంటలు కూర్చోగలమో చూసుకుని దారి వేసుకోవాలి.

ఆ రోజు కార్తీక పౌర్ణమి. మేం దిగింది కాఫీ తోటలో హోమ్‌స్టే. అక్కడ లెక్క గదికి కాదు, మనిషికి ఇంతని, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి. హోటల్ కన్నా ఎక్కువే పడింది, అయినా మొత్తం ప్రయాణంలో మంచి బస అదే. అత్తయ్యగారు గుంటూరు నుంచి 365 వత్తులు మూటకట్టి తెచ్చుకున్నారు. ఇంటావిడ అది చూసి లోపలికెళ్లి నెయ్యి గిన్నె పట్టుకొచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి కన్నడం రాదు. ఇద్దరూ పెరట్లో తులసికోట ముందు కూర్చుని వత్తులు తడిపి వెలిగించారు. అవతల చెట్లకి కాఫీ పండ్లు ఎర్రగా పండి ఉన్నాయి, మర్నాడు కోతలట.

తర్వాతి ఆదివారం నేను వేసిన ప్లాన్‌లో పెద్ద తప్పు. సాయంత్రం ఏడింటికి మైసూరు దీపాలు అందుకోవాలని బేలూరు, హళేబీడు, శ్రవణబెళగొళ మూడూ ఒకే రోజులో కుక్కాను. బేలూరు చెన్నకేశవాలయం 1117 నాటిది. గైడ్‌ని తప్పకుండా పెట్టుకోండి. పండు మీద వాలిన ఈగని, దాన్ని పట్టబోయే బల్లిని ఆయన వేలు పెట్టి చూపించకపోతే మేం దాటిపోయేవాళ్లం. హళేబీడు పరుగులో చూశాం. శ్రవణబెళగొళ చేరేసరికి మధ్యాహ్నం, చెప్పుల్లేకుండా 600 పైగా మెట్లు, బండ కాలుతోంది. తమ్ముడొక్కడే ఎక్కాడు. 981 నాటి ఆ 57 అడుగుల బాహుబలిని మేం ముగ్గురం అతని ఫోన్‌లో చూశాం. మీరు హాసన్‌లో ఒక రాత్రి ఆగి, పొద్దున్నే ఎక్కండి.

ప్యాలెస్ దీపాలు అందాయి. లక్షకి దగ్గర బల్బులు ఒక్కసారి వెలిగినప్పుడు ఆ మైదానంలో లేచిన కేరింత ఇంకా చెవిలో ఉంది. మైసూరు గురించి అందరూ రాస్తారు, నేను సోమనాథపురం ఒక్కటి చెప్తాను. బేలూరు, హళేబీడులతో కలిపి 2023లో యునెస్కో జాబితాలోకి వచ్చిన గుడి. మేం వెళ్లిన సోమవారం జనం లేరు, కూర్చుని చూడొచ్చు.

తిరుగు ప్రయాణంలో తిరుపతిలో ఒక రాత్రి ఆగాం, మైసూరు నుంచి గుంటూరు ఏకబిగిన వద్దు. ఇల్లు చేరేసరికి మీటర్‌లో 2,500 కిలోమీటర్లు దాటాయి. వదిలేసిన బీజాపూర్‌కి గుల్బర్గా, బీదర్ కలిపి వచ్చే చలికాలానికి దారి గీస్తున్నాను. అత్తయ్యగారు మాత్రం ఎలా గీసినా బనశంకరి గుడి మీదుగా గియ్యమంటున్నారు.