బాపు గీత: అద్ది గీయాలా, చూసి గీయాలా?

బాపు (1933–2014) బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి గీస్తే పది నిమిషాల్లో అచ్చం అలాంటి అమ్మాయే దిగుతుంది. చేతికి ఆ మలుపులు అలవాటవుతాయి, అంతవరకు లాభమే. కానీ కంటికి పనుండదు. పైగా కింది గీత తప్పుతుందేమోనని నెమ్మదిగా లాగుతాం, దాంతో గీత వణుకుతుంది.

పక్కన పెట్టుకుని చూసి గీస్తే మొదట్లో అన్నీ తప్పులే. నా మొదటి అమ్మాయి జడ బావిలో చేంతాడులా వేలాడింది! మళ్లీ అసలు బొమ్మ చూశాను. జడ ఒంపు తిరిగే చోట గీత లావెక్కి, కొసకు వెళ్లేసరికి వెంట్రుకంత సన్నబడింది. నడుము దగ్గరైతే గీతే లేదు, చీర అంచు చూసి మనమే ఊహించుకోవాలి. అద్ది గీసినన్నాళ్లూ ఆ ఖాళీ నా కంట పడలేదు.

ట్రేసింగ్‌కి వారం చాలు. ఆ తర్వాత చూసి గీయడమే, అదీ పెన్సిల్ లేకుండా, నేరుగా ఇంకుతో.